దీనికెంతిస్తరు బిడ్డా?

పోయిన ఎండాకాలం సెలవుల్లో కోరుట్లలో మా ఇంటి వసారాలో కూర్చుని ఒక కారు కట్టాను. నిజం కారు కాదు. 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్, ఇరవై అయిదో వంతు సైజులో. అసలు కారు పొడవు 200 అంగుళాలు. నా కారు 8 అంగుళాలు, జానెడు కంటే కాస్త తక్కువ. దాన్ని కట్టడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులూ నా ఎదురుగా కూర్చుని మా అమ్మ బీడీలు చుట్టింది. మూడో రోజో నాలుగో రోజో చేతిలో ఆకు ఆపి అడిగింది.

"దీనికెంతిస్తరు బిడ్డా?"

ఏమీ ఇవ్వరమ్మా అన్నాను.

"మరెందుకు చేస్తున్నవే?"

తెలంగాణ కథల్లో స్త్రీల శ్రమ మీద నాలుగొందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నదాన్ని. అమ్మ అడిగిన రెండు మాటలకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఊరికేనే అన్నాను. అమ్మ "ఊరికేనా" అని మళ్ళీ ఆకు అందుకుంది. ఆ "ఊరికేనా"లో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అన్నమాట అది. అందుకే ఇన్ని నెలలుగా నన్ను వదలడం లేదు.

ఆ పెట్టె కథ చెప్పాలి. బాపు 1996లో షార్జా పోయాడు. మా వైపు గల్ఫ్ పోవడం గురించి కొత్తగా చెప్పేదేముంది. పాత కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డులో పని. పాస్‌పోర్టు యజమాని దగ్గర. 2001లో రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు తమ్ముడి కోసం ఈ పెట్టె తెచ్చాడు. పైన బొమ్మలో లేత ఆకుపచ్చ కారు, వెనక చేప రెక్కల్లా లేచిన తోక. తెరిస్తే కారు లేదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వందకు పైగా ముక్కలు. తమ్ముడు నిరాశతో ఏడ్చాడు. నాలుగు టైర్లతో రెండు రోజులు ఆడుకుని మళ్ళీ పెట్టెలో పడేశాడు. నేను చేస్తానని అడిగాను. నాకు పదకొండేళ్ళు. నాయనమ్మ "ఆడిపిల్లకు కారెందుకే, పోయి ఆకు కత్తిరించు" అంది. అప్పటికే బడి నుంచి వచ్చాక అమ్మకు ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. పెట్టె సజ్జ మీదికి పోయింది. రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉంది. మొన్న ఇల్లు సున్నం వేసేటప్పుడు దిగింది.

అంటే మొదటి జవాబు ఇదే కావాలి. పదకొండేళ్ళప్పుడు కాదన్నారు కాబట్టి చేస్తున్నాను. బాగానే ఉంది గాని, ఇది పగ తీర్చుకోవడమే అవుతుంది. మొదటి రోజు అలాగే మొదలుపెట్టాను. అయిదో రోజుకు పగ గుర్తు లేదు.

ఎందుకంటే ఆ పనిలో ఉన్న సుఖం వేరు. ముక్కను చట్రం నుంచి విరవకూడదు, కత్తిరించాలి. నేను గోళ్ళు కత్తిరించుకునేదే వాడాను. కత్తిరించిన చోట మిగిలే పొక్కును సన్న గరుకు కాగితంతో రుద్దాలి. జిగురు మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. అంటే తప్పు అతికిస్తే విడదీయడం ఉండదు. వెండి మెరుపు పూత ఉన్న బంపర్లు, గ్రిల్లు అతికించాలంటే, అతికే చోట ఆ మెరుపును ముందు గీకేయాలి. మెరుపు మీద జిగురు పట్టదు. ఈ ముక్కలన్నిటిలో నాకు చాలా ఇష్టమైనది ఎడమ వైపు తోక రెక్క చివర ఉండే సన్నటి పట్టీ. 1957 షెవర్లేలో పెట్రోలు పోసే మూత బయటికి కనబడదు, ఆ పట్టీ వెనక దాగి ఉంటుంది. నా 8 అంగుళాల కారులో ఆ మూత తెరుచుకోదు. అయినా అక్కడ ఉందని నాకు తెలుసు.

రంగు వేసేటప్పుడు బాపు వచ్చి కూర్చున్నాడు. 2009లో తిరిగొచ్చినప్పటి నుంచి బాపు ఎక్కువ మాట్లాడడు. నేను స్ప్రే డబ్బా పట్టుకున్న తీరు చూసి "గట్ల కాదు బిడ్డా. పలుచగ, పలుచగ కొట్టాలె. ఒక్కపారే కొడితె కారుతది" అన్నాడు. అక్కడ షేక్‌ల కాప్రిస్ బండ్లు ఎన్నిటికో రంగు వేశానని చెప్పాడు. ఎన్నడన్నా నడిపినవా బాపూ అని అడిగితే "స్టీరింగు ముందు కూసున్నదే లేదు" అన్నాడు. పదమూడేళ్ళు కార్ల మధ్య బతికిన మనిషి.

ఈ బొమ్మ కార్ల చరిత్ర చదివితే ఒక విషయం తెలిసింది. 1930 నుంచి 1968 దాకా అమెరికాలో ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మెన్స్ గిల్డ్ అని ఒక పోటీ నడిచింది. వెనక ఉన్నది జనరల్ మోటార్స్. మొదట్లో నెపోలియన్ నాటి గుర్రపు బగ్గీ నమూనా, తర్వాత సొంతంగా ఊహించిన కారు నమూనా చేసి పంపాలి. గెలిస్తే కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పు. అలా గెలిచిన వాళ్ళలో కొందరు అదే కంపెనీలో డిజైనర్లయ్యారు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ చివరికి ఆ కంపెనీ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. పోటీ మగపిల్లలకు మాత్రమే. 1950ల్లో అదే కంపెనీ డిజైన్ విభాగంలో కొందరు స్త్రీలను తీసుకున్నప్పుడు వాళ్ళకు ఎక్కువగా అప్పగించింది కారు లోపలి గుడ్డలు, రంగులు. బయటి ఆకారం జోలికి రానివ్వలేదు. ఇంకో కంపెనీ, క్రైస్లర్, 1955లో ఆడవాళ్ళ కోసమని డాడ్జ్ లా ఫెమ్ అనే గులాబి రంగు కారు తెచ్చింది. దానికి తోడు హ్యాండ్‌బ్యాగు, లిప్‌స్టిక్ డబ్బా, వాన కోటు, గొడుగు ఇచ్చారు. ఇంజన్ మాత్రం మగవాళ్ళ కారుదే. రెండేళ్ళలో ఆపేశారు.

కాబట్టి "ఊరికే చేసే పని" ఎప్పుడూ ఊరికే కాదు. అబ్బాయి బొమ్మ కారు చేస్తే ఇంజనీరవుతాడేమో అని ఇల్లంతా ముచ్చటపడుతుంది. అమ్మాయి అల్లిక అల్లితే అది దిండు గలీబు అవుతుంది. నాయనమ్మ నాకు కాదన్నది బొమ్మను కాదు. పనికొస్తుందో రాదో తెలియని పని మీద గంటలు పోసే హక్కును.

ఇక్కడ నన్ను నేనే ఆపుకోవాలి. మన ఆడవాళ్ళకు ఉపయోగం లేని పని తెలియదా? బతుకమ్మను చూడండి. గునుగు కాడలు సమానంగా కత్తిరించి, రంగులద్ది, తంగేడు వరస మీద వరసగా పేర్చి, పొద్దంతా కష్టపడి కట్టింది సాయంత్రానికి చెరువులో వదిలేస్తారు. దానికంటే లెక్కలేనితనం ఏముంది? అమ్మ పేర్చిన బతుకమ్మ మా వాడలో అందరికంటే నిటారుగా నిలబడేది. కాని అది పండుగ. దానికి అనుమతి ఉంది. దేవుడి కోసం, పిల్లల కోసం, పెనిమిటి కోసం అయితే ఎంత పొద్దు పోయినా ఎవరూ లెక్క అడగరు. ఎవరి కోసమూ కానిదే అనుమానం.

సిరిసిల్లలో మా మేనత్త ఉంది. కారు ఫోటో చూపిస్తే "మా దగ్గర అగ్గిపెట్టెల చీర నేసిండ్రు, ఇదేం గొప్ప" అంది. నిజమే. నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ నేసిన అగ్గిపెట్టె చీరలు ఊరికి పేరు తెచ్చాయి. నేను ఆలోచించింది వేరే. నా కారు చిన్నది చేసిన వస్తువు, ఎవరూ ఎక్కలేరు. అగ్గిపెట్టెలో చీర చిన్నది కాదు, కట్టుకోగలిగినంత చీర. మడత పెడితే అంతలో ఇమిడింది, అంతే. అత్త ముప్పై ఏళ్ళు మరమగ్గాలకు కండెలు చుట్టింది. మగ్గం నేసిన వాడి పేరు అప్పుడప్పుడైనా పేపర్లో వస్తుంది. కండె చుట్టిన చేతికి ఏ చీర మీదా పేరుండదు. అత్త కూడా అలా మడతల్లోనే ఉన్న మనిషి అనుకున్నాను గాని, ఆ మాట ఆవిడతో అంటే నవ్వుతుంది.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకు సూక్ష్మ రూపాల గురించి లెవీ-స్ట్రాస్ 1962లో రాసింది గుర్తుంటుంది. పెద్ద వస్తువును ముందు ముక్కలుగా తెలుసుకుంటాం, చిన్న నమూనాను ముందు మొత్తంగా చూస్తాం, అందుకే అది మన చేతిలో ఉన్నట్టు ఉంటుందని ఆయన వాదన. చేతిలో ఉన్నట్టు ఉండడమే నన్ను ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే ఈ కారులో మనుషులు లేరు. పెట్టె మీద ఖాళీ రోడ్డు, ఆకాశం. 1957 అమెరికా అంటే అంతా అంత శుభ్రంగా లేదు. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో రోసా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రి బస్సులు ఎక్కవద్దని వేల కరపత్రాలు అచ్చు తీసింది జో ఆన్ రాబిన్సన్. ఆమె కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే టీచరు. మనలాంటిదే. 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటా అంట్లూ చేసే ఆడవాళ్ళు నడిచి పోయారు, లేదా ఎవరివో కార్లలో, చర్చీల స్టేషన్ వ్యాగన్లలో వంతులవారీగా పోయారు. ఆ కాలపు కార్లంటే ముచ్చటపడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ కార్ల వెనక సీట్లలో పనికి పోయిన ఆడవాళ్ళ నమూనా ఏ పెట్టెలోనూ ఉండదు. షార్జాలో రంగు కొట్టిన మా బాపుదీ ఉండదు.

అయితే ఈ కారు కట్టడం తప్పా? తప్పని అనలేను. చరిత్ర తెలిసిన చేతితో కట్టడం వేరు అనుకోవచ్చు. కాని అది చదువుకున్నవాళ్ళు తమకు తాము ఇచ్చుకునే మినహాయింపేమో అని కూడా అనుమానం.

వర్జీనియా వుల్ఫ్ సొంత గది పుస్తకం మనమంతా పాఠం చెప్పేదే. ఏడాదికి 500 పౌండ్లు, ఒక గది. ఆ 500 పౌండ్లు ఎక్కడివని క్లాసులో ఎవరూ అడగరు. అందులో కథకురాలికి ఆ డబ్బు రాసిచ్చింది ఒక అత్త. ఆ అత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిందని అక్కడే రాసి ఉంది. బొంబాయిలో. నా 500 పౌండ్లు మాత్రం ఎక్కడివో నాకు బాగా తెలుసు. ఆకు నానబెట్టి, రేకు ముక్క కొలత పెట్టి కోసి, తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారం కట్టి, వెయ్యి పూర్తి చేస్తే ఒక రోజు కూలి. సరిగ్గా లేవని తీసి పక్కన పెట్టినవి లెక్కలోకి రావు. 1966 చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళనూ కార్మికులుగానే గుర్తించింది. మా ఇంట్లో మాత్రం అమ్మ "ఇంట్లనే ఉంటది" అనేవాళ్ళు. నా పరీక్ష ఫీజులు, హాస్టలు, యూనివర్సిటీకి బస్సు చార్జీలు అన్నీ ఆ చాటలోంచి వచ్చినవే.

అందుకే ఒక రోజు అన్నాను, ఇక బీడీలు మానెయ్యమ్మా, నేను జీతం తెస్తున్నా కదా, నువ్వూ నీకు నచ్చింది ఏదైనా చేసుకో అని. నాకు విశ్రాంతి దొరికింది కాబట్టి అమ్మకూ పంచాలన్నది నా లెక్క.

"నాకు నచ్చిందంటే ఏంది?" అంది అమ్మ. "ఇవి నా పైసలు. మీ బాపు అడగడు, నువ్వు అడగవు. నువ్విచ్చే పైసలు పట్టుకుంటే దేనికి ఖర్చయినయో నేను చెప్పాలె."

చెప్పనవసరం లేదంటే నవ్వింది. ఆవిడకు తెలుసు.

పదిహేడో రోజు జరిగింది చెప్పి ముగిస్తాను. బానెట్ మీద అతికించాల్సిన సన్నటి మెరుపు ముక్కలు నా వేళ్ళకు లొంగడం లేదు. రెండు జారి కిందపడ్డాయి. అమ్మ చాట పక్కన పెట్టి "ఇటు తే" అంది. కళ్ళజోడు సర్దుకుంది. బీడీ కొస మడిచే చూపుడు వేలి గోరుతో ముక్కను లేపి, జిగురు చుక్కలో ముంచి, ఒక్క కదలికతో పెట్టేసింది. వంకర లేదు, మరక లేదు. ఇంకోటి అంది. తలుపు పిడులు, లైట్ల చుట్టు రింగులు, వెనక అక్షరాలు, అన్నీ అమ్మే పెట్టింది. పొద్దు ఎప్పుడు గుంకిందో ఇద్దరమూ చూసుకోలేదు. ఆ రోజు బీడీలు రెండొందలు తక్కువయ్యాయి.

మర్నాడు కార్ఖానాకు పోయే ముందు అమ్మ కట్టలు లెక్కపెట్టుకుంటుంటే నాకు మనసు బాగాలేక, ఆ రెండొందలకు ఎంతవుతుందో లెక్కేసి పైసలు పక్కన పెట్టాను.

అమ్మ వాటి వైపు చూసింది. నా వైపు చూసింది. చిన్నప్పుడు నన్ను కొట్టే ముందు కూడా అంత కోపంగా చూడలేదు.

"నాకు కూలి ఇస్తున్నవా?" అంది.

ఎంతిస్తరు అని అడిగింది తనే. అదే మనిషి. ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆ పైసలు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి, తర్వాత నేనే తీసుకున్నాను.

కారు ఇప్పుడు కోరుట్లలో టీవీ పక్కన ఉంది. డ్రైవర్ వైపు బయటి అద్దం లేదు. బియ్యపు గింజంత ముక్క. అతికించబోతే జారి తంబాకు చాటలో పడింది. నేనూ అమ్మా తంబాకంతా జల్లించాం, బాపు టార్చి పట్టాడు, దొరకలేదు. ఏదో ఒక బీడీలోకి చుట్టుకుని కార్ఖానాకు పోయిందని అమ్మ గట్టి నమ్మకం. మొన్న ఫోన్ చేసి, మా వాడలో ఎవరన్నా బీడీ ముట్టించి దగ్గినప్పుడల్లా తనకు నవ్వొస్తున్నదని చెప్పింది.