శౌచమూ దయా ఒకే పట్టికలోవి

భగవద్గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపద కింద శ్రీకృష్ణుడు చెప్పిన గుణాలు 26. భూతదయ ఉన్న పట్టికలోనే శౌచమూ ఉంది. ఒకటి పట్టుకుని రెండోది వదిలేయమని ఆయన ఎక్కడా అనలేదు. సింగపూర్‌లో తిరిగినన్నాళ్లూ నా మనసు ఈ రెండింటి దగ్గరే ఆగిపోయింది.

ఆ ఊళ్లో శౌచానికి వంక పెట్టలేం. 730 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల మీద దాదాపు 60 లక్షల మంది బతుకుతున్నారు. అయినా రోడ్డు మీద చిత్తుకాగితం కనపడదు. చిన్న చిన్న తిండి అంగళ్లన్నీ ఒకే కప్పు కిందికి చేర్చిన చోటును అక్కడ హాకర్ సెంటర్ అంటారు. తిన్నవాళ్లు తమ ట్రే తామే తీసి పెట్టాలి. 2021 నుంచి అది చట్టం. జరిమానాకు భయపడి చేసేది శౌచమా అని అడగొచ్చు. భయంతో మొదలైనా చేతికి అలవాటైతే మంచిదే అంటాను నేను. మన పిల్లకాయలకు స్నానం నేర్పింది కూడా బెదిరించే కదా!

అయితే అదే హాకర్ సెంటర్లో బల్లలు తుడుస్తున్న ఒక ముసలావిడను చూశాను. తల ముగ్గుబుట్ట. నడుం వంగిపోయింది. ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ లాగుతోంది. తింటున్నవాళ్లు ఆమె గుడ్డకు అడ్డం రాకుండా మోచేతులు ఎత్తారే గానీ, ఎవరూ తలెత్తి ఆమె ముఖం చూడలేదు. మెట్రో రైల్లోనూ అంతే, ఎవరి ఫోను వాళ్లది. పక్కన కూర్చున్న మనిషిని ‘ఏ ఊరన్నా?’ అని అడగకుండా చిత్తూరు దాకా కూడా పోలేనివాళ్లం మనం. నాకు ఊపిరాడలేదు.

ఆ ఊరికి దయ లేదని తేల్చేద్దామనుకునే లోపు వాటర్లూ వీధికి వెళ్లాను. అక్కడ శ్రీకృష్ణుడి గుడి, చైనావారి క్వాన్ ఇమ్ గుడి దగ్గర దగ్గరగా ఉంటాయి. క్వాన్ ఇమ్ అంటే వాళ్లకు కరుణామూర్తి, బౌద్ధుల అవలోకితేశ్వరుడి రూపం. ఆ తల్లికి మొక్కుకున్న చైనా భక్తులు అటునుంచి అటే వచ్చి మన కృష్ణుడి ముందు అగరుబత్తులు వెలిగిస్తారు. ఒకామె కళ్లు మూసుకుని, బత్తుల కట్టను నుదుటి దాకా ఎత్తి, మూడుసార్లు వంగి మొక్కింది. మంత్రం రాదు, గోత్రం లేదు. ఆ మొక్కులో నాకేమీ తక్కువ కనపడలేదు.

ఆదివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి బయట మదనపల్లె వైపు పిల్లోడొకడు కలిశాడు. కట్టడాల పని. “లారీలో పోతాం, లారీలో వస్తాం. నిద్రంతా దాంట్లోనేన్నా” అన్నాడు. సరుకుల లారీలో మనుషుల్ని ఎక్కించకూడదని అక్కడి చట్టమే చెబుతుంది. పనికి తీసుకుపోయే కూలీలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2020లో అక్కడ కరోనా ఎక్కువగా సోకింది కూడా ఇలాంటి వలస కూలీలు కిక్కిరిసి ఉండే వసతి గృహాల్లోనే. ఆకాశమంత మేడలు కట్టిన చేతులకు ఒక బస్సు సీటు ఇవ్వలేకపోవడం ఆ నగరానికి తప్పే. ఎంత శుభ్రం చేసినా పోని మరక అది.

మరి మనం? శివరాత్రికి మన చిత్తూరు జిల్లా మొగిలిలో, మొగిలీశ్వరుడి గుడి దగ్గర అన్నదానం చేసే చేతులు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆకలితో వచ్చినవాడి కులం, ఊరు అడగరు. ఆ దయను సింగపూర్‌లో ఎన్నిసార్లు తలుచుకున్నానో! తెల్లారి చూస్తే మాత్రం ఎంగిలి విస్తళ్లు, నీళ్ల ప్యాకెట్లు స్వామి దారంతా పరుచుకుని ఉంటాయి. దయలోనూ మనకు నిండు మార్కులు పడవు. తోతాపురి మామిడి కోతల కాలంలో కాయల లోడు మీద కూలీలను కూర్చోబెట్టి బంగారుపాళ్యం మార్కెట్‌కు తోలే ట్రాక్టర్లు మనవే.

మామిడి రైతులకు, మండీల వాళ్లకు నాదొక విన్నపం. ఈసారి కోతలకు కూలీలను కాయల మీద ఎక్కించకండి. వాళ్లకు వేరే ఆటో మాట్లాడండి, ఆ బాడుగను స్వామి హుండీలో వేసినట్టే లెక్క రాసుకోండి. శివరాత్రికి మొగిలి వచ్చే భక్తులారా, తిన్న విస్తరి మీరే ఎత్తి తొట్లో వేయండి.