లెక్కలోకి రాని పరుగు

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున దిగిన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన ఆ రికార్డును అప్పటిదాకా ఎవరూ కదిలించలేకపోయారు. జ్యోతి కదిలించింది గానీ కాగితం మీద కాదు. పోటీల దగ్గర డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. రికార్డు చెల్లదన్నారు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో ఆమె 13.09లో పరిగెత్తింది. ఈసారి వెనకనుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, నిబంధన ఒప్పుకునేది 2 మీటర్లే. అదీ చెల్లలేదు. ఆ మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో పరిగెత్తిన 13.23 మాత్రం పుస్తకానికి ఎక్కింది. రెండేళ్ల కిందటి తన పరుగుకంటే నెమ్మదైన పరుగుతో ఆమె జాతీయ రికార్డు సొంతం చేసుకుంది.

మరి మూడబిద్రి పరుగు ఏమైనట్టు? అది జరగలేదని ఎవరూ అనరు. ఆ రోజు టికెట్టు కొని వచ్చినవాళ్లు లేరు, ప్రసార హక్కులు కొన్నవాళ్లు లేరు, చివరికి రికార్డు కూడా మిగల్లేదు. డబ్బూ పేరూ తీసేశాక ఇంకా ఏదో మిగిలింది. దాని విలువ ఏమిటన్నది ఆటల శాఖ తేల్చే ప్రశ్న కాదు, తత్వశాస్త్రం తేల్చవలసినది.

కెనడాలో పాఠాలు చెప్పిన తత్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో ‘ది గ్రాస్‌హాపర్’ అనే పుస్తకంలో ఆటకు ఒక నిర్వచనం ఇచ్చాడు. అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా నెత్తికెత్తుకుని దాటే ప్రయత్నమే ఆట అన్నది ఆయన చెప్పిన దాని సారాంశం. మహిళల హర్డిల్స్‌లో ఈ మాట కళ్లెదుటే కనిపిస్తుంది. వంద మీటర్ల దారిలో 83.8 సెంటీమీటర్ల ఎత్తున పది అడ్డంకులు ఉంటాయి. అవతలి కొసకు చేరడమే పనైతే పక్కనుంచి నడిచి వెళ్లొచ్చు. ఆ పదింటినీ దాటుకుంటూనే వెళ్లాలని ఒప్పుకున్నప్పుడే అది ఆటవుతుంది. ఇక్కడ ‘దేనికి?’ అని అడిగితే ఆటలోపల జవాబు దొరకదు.

ఆ ప్రశ్నను గట్టిగా అడుగుతున్నది అమెరికా. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ డబ్బు తెస్తాయి. ఈత, కుస్తీ, ఫెన్సింగ్, వాలీబాల్ వంటివి ఆ డబ్బు మీద బతుకుతాయి. 2020 జులైలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన 36 ఆటల్లో 11 ఆటలను ఆపేస్తామని ప్రకటించింది. లోటు పెరుగుతోందన్నది కారణం. ఆ జాబితాలో కుస్తీ కూడా ఉంది. మరుసటి మార్చిలో స్టాన్‌ఫర్డ్ మల్లయోధుడు షేన్ గ్రిఫిత్ విశ్వవిద్యాలయం పేరు లేని నల్ల బనీను తొడుక్కుని జాతీయ కళాశాలల పోటీలో నెగ్గాడు. పూర్వ విద్యార్థులు చందాలు పోగు చేశారు, క్రీడాకారులు కోర్టుకెక్కారు. 2021 మేలో విశ్వవిద్యాలయం మనసు మార్చుకుంది, పదకొండు ఆటలూ నిలిచాయి. గండం మాత్రం పూర్తిగా గడవలేదు. 2025 జూన్‌లో అక్కడి కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో సంస్థకు సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ డబ్బు ఏ ఆట కడుపు కొట్టి తెస్తారోనన్న భయం ఇప్పుడు ఈతగాళ్లకు, కుస్తీవాళ్లకు పట్టుకుంది.

మన కాలేజీల్లో డబ్బు తెచ్చే ఆట, తేని ఆట అన్న ఈ తేడా లేనే లేదు. ఇక్కడ ఏ ఆటకూ రాబడి లేదు. అంతర్ కళాశాలల క్రికెట్ మ్యాచ్‌కు కూడా టికెట్లు అమ్మరు. మన దగ్గర లెక్క రూపాయల్లో కాక ర్యాంకుల్లో జరుగుతుంది. నాలుగంతస్తుల అద్దె భవనంలో నడిచే ఇంటర్ కాలేజీకి గ్రౌండు ఉండదు, దాని గురించి అడిగే తల్లిదండ్రులూ తక్కువే. పదహారు, పదిహేడేళ్ల వయసులో రెండేళ్లు ఒళ్లు కదపకుండా కూర్చున్న పిల్లలు డిగ్రీకి వచ్చాక, ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) పిలిచినా గ్రౌండులోకి దిగడానికి జంకుతారు.

‘దేనికి?’ అన్న ప్రశ్నను మన తాత్వికులు ఆటస్థలం దగ్గర కాక సృష్టి దగ్గర అడిగారు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో పూర్వపక్షి ఒక అభ్యంతరం లేవనెత్తుతాడు. ఎవరైనా ఏదో ప్రయోజనం కోసమే పని చేస్తారు, ఏ కొరతా లేని బ్రహ్మానికి సృష్టించవలసిన పనేమిటి అని. తరువాతి సూత్రం ఇచ్చే సమాధానం లీల. శంకరాచార్యులు తన భాష్యంలో దానికి రెండు ఉపమానాలు చూపారు. మొదటిది, కోరికలన్నీ తీరిన రాజు విహారస్థలాల్లో ఆడుకోవడం. రెండోది ఊపిరి. ఉచ్ఛ్వాస నిశ్వాసలు బయటి ప్రయోజనమేదీ పెట్టుకోకుండా స్వభావం చేతనే సాగుతాయి.

మొదటి ఉపమానం దగ్గరే ఆగిపోతే కాలేజీ ఆటల పక్షాన మాట్లాడేవారికి గడ్డు చిక్కు వస్తుంది. ఆ చిక్కుకు ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు అని పేరు పెట్టవచ్చు. విజయవాడ దగ్గర్నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం గుండానే వెళ్తుంది. మామిడి తోటలు, మెట్ట చేలు, లంబాడీ తండాలు. ఆ తండాల్లో ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి మనుషుల్ని తినేసింది. అనుమానం ఎక్కువగా బోరు నీళ్ల మీదే. కృష్ణా నీళ్లను పైపుల్లో ఇక్కడికి తేవాలన్న పథకం పుట్టిందీ ఆ జబ్బు వల్లనే. ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు తిరుగుతుంటే, కూలికి వెళ్లే కొడుకో కూతురో తిరువూరులోనో మైలవరంలోనో డిగ్రీ చదువుతుంటే, ఆ బిడ్డ దగ్గరికి వెళ్లి లీల అనీ, ప్రయోజనం లేని ఆనందమనీ చెప్పడం న్యాయమేనా? కోరికలు తీరిన రాజెక్కడ, తాగే నీటికే దిక్కులేని కుటుంబమెక్కడ?

అభ్యంతరం బలమైనది. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చేవాళ్లు తండా ముఖం చూడనివాళ్లే.

శంకరుల రెండో ఉపమానం బలం ఇక్కడే తెలుస్తుంది. ఆట కడుపు నిండినవాడి విలాసమే అయితే రాజు ఉదాహరణ ఒక్కటీ చాలు, ఊపిరితో పని లేదు. ఊపిరి రాజుకీ కూలికీ ఒక్కటే. తండా పిల్లలు ఎవరూ చెప్పకుండానే, ఎవరూ గ్రౌండు ఇవ్వకుండానే దారి పక్క ఖాళీ జాగాలో గీతలు గీసుకుని ఆడతారు. వాళ్లకు నీళ్లు ముందా ఆట ముందా అని అడిగితే నీళ్లే ముందు, అందులో సందేహం లేదు. కానీ ‘నీళ్లొచ్చేదాకా నీకు ఆట వద్దు’ అన్న మాటలో ఒక క్రూరత్వం ఉంది. పేదవాడి బతుకును అది అవసరాల జాబితాగా కుదించేస్తుంది. ప్రయోజనం లేని పని చేసే హక్కును, అంటే పూర్తి మనిషిగా ఉండే హక్కును, డబ్బున్నవాళ్లకే వదిలేస్తుంది.

గమనించవలసింది ఇంకొకటి ఉంది. లీలను చెప్పిన సూత్రం వెంటనే వచ్చే సూత్రం పక్షపాతం గురించి, నిర్దయ గురించి. సృష్టి ఆటే అయితే కొందరికి సుఖం, కొందరికి దుఃఖం ఎందుకన్న నింద బ్రహ్మం మీద పడుతుంది కదా. ఆ నిందను ఎదుర్కోకుండా లీల అన్న మాటతో సరిపెట్టలేమని సూత్రకారుడికి తెలుసు. ఆయన ఇచ్చిన జవాబు జీవుల కర్మ. ఎ.కొండూరు తండాల విషయంలో ఆ జవాబు వినిపించే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. బోరులోంచి వచ్చే నీరు తాగేవాడి పూర్వజన్మ అడిగి రాదు. ఇక్కడి పక్షపాతానికి జవాబు చెప్పవలసినవాళ్లు బడ్జెట్లు రాసేవాళ్లు. నీటి పద్దుకీ వాళ్లే జవాబుదారులు, గ్రౌండు పద్దుకీ వాళ్లే.

ఆటల పక్షాన సాధారణంగా వినిపించే వాదాలన్నీ ప్రయోజనం చుట్టూనే తిరుగుతాయి. పతకాలు వస్తాయి, ఆరోగ్యం బాగుంటుంది, ఉద్యోగం దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అది మంచి పనే, ఎన్నో పేద కుటుంబాలకు ఆసరా. 1897లో మద్రాసు యువకులకు వివేకానందుడు గీత కంటే ముందు ఫుట్‌బాల్ ఆడమని చెప్పిన మాటను ప్రతి క్రీడా దినోత్సవంలోనూ తలుచుకుంటారు. ఆయన ఉద్దేశం కూడా కండబలం వస్తే గీత బాగా బోధపడుతుందనే. ఆ ఆటా ఒక మెట్టే, గమ్యం వేరే. ఈ వాదాలేవీ అబద్ధాలు కావు. చిక్కల్లా ఏమిటంటే, ఇవి ఎదుటివాడి తక్కెడనే ఒప్పుకుని అందులో కూర్చుంటాయి. పతకం తేని ఆటను, కోటా లేని ఆటను రేపు ఆపేస్తామంటే వీటి దగ్గర జవాబు ఉండదు.

బాల్ బ్యాడ్మింటన్ సంగతి చూస్తే ఇది బోధపడుతుంది. పసుపు ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, ఆరుబయట కోర్టు. తంజావూరు వైపు పుట్టి తెలుగు నేల మీద బడి గ్రౌండ్లలో, కాలేజీల్లో, రైల్వే కాలనీల్లో వేళ్లూనుకుంది. ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లో లేదు, టీవీ లీగు లేదు. జమ్మలమడక పిచ్చయ్య ఈ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. వందేళ్లు దాటి బతికి 2021లో వరంగల్‌లో కన్నుమూశారు. షటిల్ రాకెట్టు పట్టినవాళ్ల పేర్లు ఇంటింటా తెలిసిన రాష్ట్రాల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? అయినా ఆ ఆటలో చూపు, మణికట్టు, ఐదుగురి మధ్య మాట లేకుండా కుదిరే అవగాహన అన్నీ ఉన్నాయి. ఆటకు ఉండవలసినదేదీ అందులో కొరత లేదు. కొరతల్లా సంపాదనదే.

ఆ సంపాదన ఎంత చపలమైనదో కబడ్డీ చూపించింది. సంక్రాంతికి ఊరి చావిడి దగ్గర, పొలాల్లో ఆడుతూ వచ్చిన ఆట అది. 2014లో ప్రొ కబడ్డీ లీగు మొదలైంది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనుక్కుంది. కూతలో ఏం మారింది? చాప పరిచారు, కెమెరా పెట్టారు. ఆట గుణం అదే. రాబడి ఆటలో ఉండే గుణం కాదనీ, చుట్టూ ఉన్న మార్కెట్టు గుణమనీ ఇంతకంటే స్పష్టంగా ఎవరూ నిరూపించలేరు. 2013లో ఏ కాలేజీ అయినా డబ్బు రాదని కబడ్డీని ఆపేసి ఉంటే, తప్పు చేసినట్టు 2014లో తెలిసేది. కానీ ఆ లీగు రాకపోయినా ఆపడం తప్పే అయ్యేది.

విలువ ఆటలోనే ఉందని ఒప్పుకున్నంత మాత్రాన ఖర్చు మాయమైపోదు. మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. గుళ్లో దేవుడికి అంగరంగ భోగాలు జరగాలంటే మేళగాళ్లకు, నాట్యగత్తెలకు మాన్యాలు రాసిచ్చారు. వాళ్ల పాటతో పంట ఎంత పెరిగిందని ఏ శాసనమూ లెక్క చూపించదు. పాట సాగాలి, పాడేవాళ్లు బతకాలి, కాబట్టి భూమి ఇచ్చారు. కాలేజీలో ఆ మాన్యానికి సమానమైనది ప్రతి విద్యార్థి దగ్గరా వసూలయ్యే గేమ్స్ ఫీజు, దాంతోపాటు ఒక పీడీ పోస్టు. ఫీజు ఆటలకే ఖర్చు కావాలి, పీడీ పోస్టు ఖాళీగా ఉండకూడదు, గ్రౌండులో కొత్త బ్లాకు లేవకూడదు. సాయంత్రం పూట ఆ గ్రౌండు గేటు చుట్టుపక్కల తండాల పిల్లలకూ తెరిచి ఉంచాలి. తిరువూరు వైపు కాలేజీ నుంచి బాల్ బ్యాడ్మింటన్ జట్టు కృష్ణా విశ్వవిద్యాలయం పోటీలకు వెళ్లాలంటే ఎనిమిది పది మందికి బస్సు చార్జీలు, రెండు పూటల భోజనం, రాకెట్లకు కొత్త తీగలు కావాలి. వాళ్లు తొలి రౌండులోనే ఓడి, అదే సాయంత్రం బస్సెక్కి వచ్చేసినా, మరుసటి ఏడాది మళ్లీ పంపాలి.