జీలుగు చెట్టూ అత్త చోళ్ళూ

గూడెం కొత్తవీధి కొండల్లో ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులకీ చెరో జీలుగు చెట్టు వదిలి పోయాడు. రెండూ ఒకే ఈడువి, ఇంకా గెల వెయ్యనివి. జీలుగుకి తొందర తెలీదు. గెల కనబడాలంటే ఏళ్ళకి ఏళ్ళు ఆగాలి. వేసిందా, పై నుంచి కిందికి గెల తరవాత గెల వేస్తూ కొన్నేళ్ళపాటు పొద్దునా సాయంత్రం కల్లుతో కుండ నింపుతుంది. ఆఖరి గెలతో దాని ఆయువు తీరుతుంది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పోడులో చోళ్ళూ సామలూ కంకి పట్టకుండానే మాడిపోయాయి. అన్న గొడ్డలి తీసి తన చెట్టు పడగొట్టాడు. మొద్దు చీల్చి, లోపలి మెత్తని చెక్క దంచి, నీళ్ళలో పిసికి, అడుగున పేరిన పిండితో జావ కాశారు. ఇల్లు కొన్ని వారాలు గడిచింది. తమ్ముడు గొడ్డలి ముట్టలేదు.

మూడో ఏడు తమ్ముడి చెట్టు గెల వేసింది. కుండలు నిండాయి, చేతిలో డబ్బు ఆడింది. తమ్ముడిది ఓపిక, అన్నది తిండి యావ అని ఊరు తీర్పు చెప్పేసింది. పిల్లలకి బుద్ధులు చెప్పడానికి కూడా ఆ అన్నే దొరికాడు.

ఇటుకల పండగనాడు ఊరి పెద్ద అందరి ముందూ తమ్ముణ్ణి మెచ్చుకోబోయాడు. అతను అడ్డుపడ్డాడు.

"నానేటి ఓపిక పట్టాను తాతా? కరువులో మా అత్త చోళ్ళు కొలిచింది. గెల వేసినాకే తిరిగియ్యమంది. అన్నకి కొలిచినోళ్ళు లేరు. ఉంటే ఆడి చెట్టూ నిలబడును."

"అది సరేగానీ అల్లుడూ, నా చోళ్ళు ఎప్పుడిస్తావు?" అంది అక్కడే కూర్చున్న అత్త.

నీతి: కడుపు నిండే దారి ఉన్నవాడికే ఓపిక. ముందు చోళ్ళు కొలిచి, ఆ తరవాత బుద్ధి చెప్పాలి.

మన్యంలో డిగ్రీతో ఆగి, దొరికిన ఉద్యోగంలో చేరిపోయే పిల్లల్ని చూసి "వీళ్ళకి పరిశోధన మీద ఆసక్తి లేదు" అనే పెద్దమనుషులు ఈ కథ వినాలి. ఆసక్తి పుట్టించే చోట్లు ఇక్కడే ఉన్నాయి. గూడెం కొత్తవీధి మండలంలోనే ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. పక్కనే చింతపల్లిలో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం ఉంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన శాస్త్రవేత్తలు ఈ జీలుగు మీదే పనిచేశారు. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. చెట్లకి కొదవలేదన్నమాట.

చోళ్ళ సంగతి వేరు. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా కొత్తగా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. అది దేశం మొత్తానికి. పైగా ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి అందలేదని పరిశోధక విద్యార్థులు మొత్తుకున్న సందర్భాలున్నాయి. కరువు దాటాక వచ్చే చోళ్ళు ఏ చెట్టునీ కాపాడవు.

పీజీ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ ఫెలోషిప్ గురించి మీ అధ్యాపకుల్ని ఇప్పుడే అడగండి. ఉద్యోగం వచ్చాక అడుగుదామనుకుంటే అప్పటికే గొడ్డలి వేసినట్టు.