జమ్మిచెట్టు ఎంత దూరం?

మా చెల్లెలు అమెరికాలో వుంటుంది. మొన్నో ఆదివారం ఫోన్‌లో, ఆ చలికి ఇడ్లీపిండి పులియడం లేదన్న సమస్యతో మొదలుపెట్టి, లోకాభిరామాయణం అంతా అయ్యాక, "అన్నట్టు అక్కా, మా వీధి చివరివాళ్ళు ఊరు మారిపోతూ సామాను అమ్మేస్తున్నారు. సోఫా, పిల్లల మంచం, కుట్టుమిషను, ఒక పిస్తోలు. మేం సోఫా, పిస్తోలు తీసుకుందామనుకుంటున్నాం" అంది.

నేను సోఫా ఏ రంగని అడిగాను. రెండో వస్తువు చెవిలోంచి బుర్రలోకి దిగడానికి కాస్త టైము పట్టింది మరి!

"పిస్తోలేమిటే? లైసెన్సు అక్కర్లేదూ?"

"మా రాష్ట్రంలో అక్కర్లేదు. షాపులో కొంటే మన పూర్వాపరాలు విచారిస్తారు. ఇలా ఇరుగుపొరుగు దగ్గర కొంటే అదీ లేదు. మాకు పౌరసత్వం వచ్చేసిందిగా, ఇంక భయమేం?"

భయం లేకపోతే పిస్తోలెందుకమ్మా అన్నమాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

దాని మాట నిజమే. 1993లో వచ్చిన బ్రేడీ చట్టం ప్రకారం అక్కడ లైసెన్సున్న వ్యాపారి తుపాకీ అమ్మేముందు కొనేవాడి చరిత్ర విచారించాలి. వ్యాపారి కానివాడు తన తుపాకీని తన రాష్ట్రంలోని మరొకడికి అమ్ముకుంటే ఆ దేశపు చట్టం విచారణ అడగదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత చట్టాలతో ఆ కన్నం పూడ్చుకున్నాయి. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పసివాళ్ళు, ఆరుగురు పెద్దవాళ్ళు తుపాకీకి బలయ్యారు. తుపాకుల సంతల్లో, ఇంటర్నెట్‌లో జరిగే అమ్మకాలకి కూడా విచారణ వుండాలన్న ప్రతిపాదన 2013 ఏప్రిల్‌లో సెనేట్‌కి వస్తే 54 మంది సరేనన్నారు. కావలసినవి 60 ఓట్లు. వీగిపోయింది. విచిత్రమేమిటంటే, అంత ఘోరం జరిగాక తుపాకుల అమ్మకం తగ్గలేదు, పెరిగింది. రేపు దొరకవేమోనని ఇవాళే కొనేశారు.

నవ్వకండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే మనం చేసిందేమిటి? మా వీధి కిరాణాకొట్టు ముందు నిలబడి, ఇద్దరు మనుషులున్న ఇంటికి నేను పది కిలోల కందిపప్పు మోసుకొచ్చాను. నా వెనకావిడ నన్ను చూసి పన్నెండు కిలోలు అడిగింది! ఆ నెలలోనే అమెరికాలో తుపాకుల కొట్లముందు క్యూలు. భయం ఒకటే, సరుకు వేరు. అయితే ఒక తేడా వుంది. భయంతో కొన్న కందిపప్పుకి పురుగు పడుతుంది, పారబోస్తాం. భయంతో కొన్న పిస్తోలుకి పురుగు పట్టదు. భయం తీరిపోయాక కూడా అది బీరువాలో అలాగే వుంటుంది.

మనకైతే 1959 నాటి ఆయుధాల చట్టం వుంది. లైసెన్సు లేనిదే తుపాకీ ముట్టుకోకూడదు. ఒక మనిషికి మూడుదాకా వుండవచ్చన్న పరిమితిని 2019లో రెండుకి తగ్గించారు. ఎన్నికలొస్తే ఆ లైసెన్సున్నవాళ్ళలో కూడా చాలామంది పోలీసులకి అప్పగించి రావలసిందే. అంతమాత్రాన మనం బుద్ధిమంతులమనుకోనక్కర్లేదు. నాటుతుపాకీ, నాటుబాంబు ఏ లైసెన్సు అడిగాయి గనక?

ఇదంతా చెప్పబోతే చెల్లెలు ఒక్క మాటతో నా నోరు మూయించింది. "2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. గుర్తుందా? నువ్వు బీచ్ రోడ్డులో గాలి పీలుస్తూ నీతులు చెబుతావు. రాత్రి మా ఆయన పదినిమిషాలు ఆలస్యమైతే నాకెలా వుంటుందో నీకు తెలీదు."

నిజంగానే తెలీదు. ఆ భయాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కాని ఆ కథలోనే మరో మనిషి వున్నాడు. హంతకుణ్ణి ఆపబోయి గుండు దెబ్బ తిన్న ఇయాన్ గ్రిల్లట్. ఆయన చేతిలో ఏ ఆయుధమూ లేదు.

నాకు మా నాయనమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ రేవుమీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకి పరుగెత్తారు. ఆ రాత్రి పాతూళ్ళోని మా ఇంట్లో దీపం లేదు. మా ముత్తాత తలగడ కింద కత్తి పెట్టుకుని పడుకున్నారు. నడిరాత్రి పెరటి తలుపు చప్పుడైంది. చీకట్లో ఎవరో లోపలికి వచ్చారు. ఆయన కత్తి ఎత్తారు. వచ్చిన మనిషి దగ్గాడు. ఆ దగ్గు తమ్ముడిది! మనవాళ్ళని ఊరికి తీసుకుపోదామని బండి కట్టించుకుని వచ్చాడు. "మా బాబాయిని బతికించింది దేవుడు కాదే, దగ్గు" అనేది నాయనమ్మ.

నన్నడిగితే అసలు ప్రశ్న ఆత్మరక్షణ మన హక్కా కాదా అన్నది కాదు. భయానికీ చేతకీ మధ్య ఎంత వ్యవధి వుందన్నది. కత్తి ఎత్తి దించేలోపల ఒక దగ్గుకి చోటుంది. పిస్తోలు ఆ చోటు కూడా మిగల్చదు. అమెరికాలో 2021లో తుపాకీకి 48 వేలమందికి పైగా పోతే, అందులో సగానికి మించి ఆత్మహత్యలు. దొంగకోసం దాచింది ఇంట్లోవాళ్ళ దుఃఖానికి అందివచ్చిందన్నమాట.

మన పాండవులు ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద పెట్టి, ఎవరూ ముట్టకుండా పక్కనే శవాన్ని కట్టి మరీ వెళ్ళారు. ఏటా దసరాకి ఆ చెట్టుకి ప్రదక్షిణాలు చేస్తాం కాని, వాళ్ళు ఆయుధాన్ని చేతికి ఎంత దూరంలో పెట్టారో ఆలోచించం. "మరి కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడో?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. కాని అంతకుముందు కురుసభలో అంతమంది ఆయుధధారులు కళ్ళెదుట వుండీ ఆమెకి ఒరిగిందేమిటి? కీచకుడి సంగతి చివరికి భీముడి వట్టిచేతులే చూసుకున్నాయి.

ఇవేవీ చెల్లెలికి చెప్పలేదు. బాబాయిగారి దగ్గు కథ చెప్పి, "మీవాడు అర్ధరాత్రి స్నేహితుల ఇంటినుంచి వచ్చినప్పుడు దగ్గుతూ వస్తాడుటే?" అని మాత్రం అడిగాను. అది మాట్లాడలేదు.

తరువాతి ఆదివారం ఫోన్ చేసింది. సోఫా వచ్చిందట. నీలిరంగు.

"రెండోదో?"

"వద్దనుకున్నాంలే అక్కా. ఎవరో వచ్చి డబ్బిచ్చి పట్టుకుపోయారు."

నా గుండె తేలికపడింది. ఫోన్ పెట్టేశాక మళ్ళీ బరువెక్కింది. ఆ వచ్చినవాడు ఎవరు? పేరు ఎవరూ అడగలేదట. అడగనక్కర్లేదట.