కొలతల పుస్తకంలో మొదటి అంకె



పాలిటెక్నిక్ ఫలితాలు వచ్చిన రోజుల్లో మన విచారణలలోని ఎన్నో ఇళ్ళలో ఒక కబురు వినిపిస్తుంది. "మావాడు సివిల్ డిప్లొమా పూర్తి చేశాడండి. రోడ్ల ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరుతున్నాడు." వెంటనే ఎదుటివారు అడిగే ప్రశ్నలు కూడా మనకు తెలిసినవే. స్టైఫండ్ ఎంత ఇస్తారు? ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తారా? ఎండలో నిలబడాలా, ఆఫీసులో కూర్చోబెడతారా? ఇవి తప్పుడు ప్రశ్నలు కావు. అప్పు చేసి చదివించిన తల్లిదండ్రులు అడగక తప్పని ప్రశ్నలే. అయితే వీటితోపాటు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నేర్చుకోవటానికి వెళ్ళిన బిడ్డ, పెద్దలు చెప్పినట్లు చేయవలసిన బిడ్డ, తాను చేసే పనికి ఎంతవరకు జవాబుదారి?

మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. 1973లో జరిగిన సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా చదివినవారిని కూడా అందులో చేర్చారు. డిప్లొమా వారికి శిక్షణ సాధారణంగా ఒక సంవత్సరం. అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గాని కార్మికుడు కాడని ఆ చట్టంలోని 18వ సెక్షను చెబుతుంది. కనుక మన అబ్బాయి "నేను ట్రైనీని మాత్రమే, సంతకం పెట్టేది పైవాళ్ళు" అంటే, చట్టం దృష్టిలో అది నిజమే. కాని అంతరాత్మ దృష్టిలో అది పూర్తి జవాబు అవుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ముందు ఆ పని ఎలా ఉంటుందో చూడాలి. కొత్త రోడ్డు వేయటం నలుగురికీ కనిపించే పని. దానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఉన్న రోడ్డును కాపాడటం అలాంటిది కాదు. రోడ్డుకు మొదటి శత్రువు నీరు. అందుకే పక్క కాలువల్లో పూడిక తీయాలి. తూములు మూసుకుపోకుండా చూడాలి. మట్టి బెర్ములు రోడ్డు కంటే ఎత్తయితే చెక్కివేయాలి. లేకపోతే వాన నీరు పక్కకు పోక తారు మీదనే నిలుస్తుంది. పగుళ్ళలోనుంచి దిగి కింది పొరలను మెత్తబరుస్తుంది. అప్పుడు లారీ చక్రం పడితే అక్కడ గుంత పడుతుంది.

గుంత పూడ్చటానికి కూడా ఒక పద్ధతి ఉంది. దాని అంచులను గట్టి భాగం వచ్చేదాకా నిలువుగా, చదరంగా కోయాలి. వదులు కంకర, దుమ్ము, తడి లేకుండా శుభ్రం చేయాలి. అడుగున, అంచులకు ట్యాక్ కోటు పూయాలి. తర్వాత తారు కంకర నింపి, అంచులనుండి మధ్యకు గట్టిగా అణచాలి. లోతు ఎక్కువైతే పొరలు పొరలుగా నింపాలి. మన రోడ్లకు ఎక్కువగా వాడే వి.జి.-30 రకం తారుతో వేడిగా కలిపిన మిశ్రమం అయితే, పరిచేటప్పుడు 140 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. వేడి 90 డిగ్రీలకు పడిపోకముందే రోలింగు పూర్తి కావాలి. ఇవన్నీ చేసిన ప్యాచ్, ఇవేమీ చేయకుండా దుమ్ము మీదనే నాలుగు తట్టలు పోసి పారతో తట్టిన ప్యాచ్, సాయంత్రానికి చూస్తే రెండూ నల్లగానే ఉంటాయి. తేడా మొదటి వర్షాలకు తెలుస్తుంది. ఈ పనిలో ఉన్న పరీక్ష అదే. తప్పు చేసిన రోజున ఎవరికీ కనబడదు.

కనబడిన రోజున దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారు? రాత్రివేళ భార్యను, బిడ్డను బండి మీద ఎక్కించుకుని ఊరికి పోయే మనిషి చెల్లిస్తాడు. 2013 నుండి 2017 వరకు మన దేశంలో రోడ్డు గుంతల మూలంగా 14,926 మంది మరణించారని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. మరుసటి సంవత్సరం మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 198ఏ అనే సెక్షను చేర్చారు. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణలలో భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఇందులో కూడా అప్రెంటిస్ ఊసు లేదు.

యెరూషలేము నుండి యెరికోకు పోయే దారిలో గాయపడినవానికి కట్లు కట్టిన సమరీయుని కథ మనకు చిన్ననాటినుండి తెలుసు. అతడు గాయమైన తర్వాత వచ్చిన పొరుగువాడు. రోడ్డు బాగుచేసేవాడు గాయం కాకముందే వచ్చే పొరుగువాడు. అతని వల్ల పడకుండా పోయిన మనిషికి తాను బ్రతికి బయటపడ్డానన్న సంగతే తెలియదు. కృతజ్ఞత చెప్పేవాడు లేని సేవ ఇది. కనుకనే ఇందులో నిజాయితీకి కాపలా మన లోపలనే ఉండాలి.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. ప్యాచ్ పనుల పొడవు, వెడల్పు, లోతు ఎం.బుక్కులో నమోదవుతాయి. దాని ఆధారంగానే బిల్లు వస్తుంది. నమోదు చేసేది బాధ్యతగల ఇంజనీరుగారే. పై అధికారి కొన్నిటిని తిరిగి కొలిచి సరిచూస్తారు. అప్రెంటిస్ పని టేపు పట్టుకోవటం, చిత్తు పుస్తకంలో అంకెలు రాయటం. ఒకనాటి సాయంత్రం పెద్దాయన అంటారు: "బాబూ, పొద్దుపోయింది. మిగిలిన గుంతలు కొలవక్కరలేదు. అన్నిటికీ ఒకటే లోతు వేసెయ్, రేపు బుక్కులోకి ఎక్కిస్తాను." ఆయన దుర్మార్గుడు కానక్కరలేదు. చూసుకోవలసిన కిలోమీటర్లు ఎక్కువ, మనుషులు తక్కువ, పైనుండి ఒత్తిడి. పైగా మన అబ్బాయికి పని నేర్పుతున్నది ఆయనే. రేపు సర్టిఫికెట్టుకు మంచి మాట రాయవలసిందీ ఆయనే. అబ్బాయి ఏమి చేయాలి?

"పెద్దలకు విధేయుడై ఉండమని మనమే కదా నేర్పాము" అని కొందరంటారు. నిజమే. కాని విధేయతకు ఒక హద్దు ఉంది. టేపు ఎలా పట్టాలి, రోలరు ఎన్నిసార్లు తిప్పాలి అన్న విషయాల్లో గురువు మాట వినాలి, ఎందుకంటే అవి ఆయనకు తెలుసు, ఇతనికి తెలియవు. ఫలానా గుంత లోతు నేను చూశానా లేదా అన్నది మాత్రం అతనికే తెలుసు. ఒకరి కళ్ళు చూడనిదాన్ని చూసినట్లు చెప్పమని ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ లేదు.

"అందరూ చేస్తున్నదే కదా, వాడొక్కడు మానితే ఆగుతుందా?" అని మరికొందరంటారు. ఇక్కడ మన నైతిక వేదాంతులు చేసిన ఒక తేడా ఉపయోగపడుతుంది. ఇతరుల తప్పులో పాలుపంచుకోవటం రెండు విధాలు. తప్పును తనదిగా ఒప్పుకుని చేయివేయటం ఒకటి. తాను సక్రమంగా చేసిన పనిని ఇతరులు తర్వాత తప్పుకు వాడుకోవటం మరొకటి. అప్రెంటిస్ నిజంగా కొలిచి ఇచ్చిన అంకెను ఎవరైనా తర్వాత మార్చితే, ఆ భారం మార్చినవారిదే. కాని కొలవని అంకెను తన చేతితో తానే రాస్తే, "చెప్పారు కనుక రాశాను" అనటం కుదరదు. ఆ రాత తనది. ఈ తేడా అతనికి ఒక ఊరట కూడా ఇస్తుంది. ఆఫీసులోని లోపాలన్నిటినీ సరిదిద్దే బరువు ఇరవై ఏళ్ళ బిడ్డ మీద లేదు. చేరిన రెండో రోజునే అందరి మీదా ఫిర్యాదు చేయమని ఎవరూ కోరటం లేదు. తన చేతిని, తన కలాన్ని కాపాడుకోమని కోరుతున్నాము. అయితే మనుషులు పడిపోతారని స్పష్టంగా తెలిసిన లోపం కంటికి కనిపిస్తే, ఆ సంగతి పెద్దలకు చెప్పకుండా ఊరుకోవటం మాత్రం ధర్మం కాదు.

అతడు అనవలసిన మాట చాలా చిన్నది. "సార్, వాటిని నేను కొలవలేదండి. పొద్దున్నే వెళ్ళి కొలిచి రాసిస్తాను." ఇందులో ధిక్కారం లేదు, నింద లేదు. పని తప్పించుకోవటం అసలే లేదు. తన శ్రమను ఎక్కువ చేసుకునే మాట ఇది. చాలాచోట్ల ఇంతటితో సరిపోతుంది. కొన్నిచోట్ల సరిపోదు. "వీడు పనికిరాడు" అనవచ్చు, మంచి పనులకు తీసుకుపోకపోవచ్చు, సర్టిఫికెట్టు ఆలస్యం చేయవచ్చు. ఆ నష్టం నిజమైనది. దాన్ని తేలిక చేసి మాట్లాడటం మనకు తగదు. నష్టం లేదని కాదు, నష్టపోయినా చేయదగినది కనుక చేయమని బిడ్డకు చెప్పాలి. చెప్పి, ఆ నష్టంలో అతని పక్కన నిలబడాలి.

ఇక్కడ తల్లిదండ్రుల పాత్ర పెద్దది. బిడ్డ ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే, "నీకెందుకు నాయనా, సర్దుకుపో, ఏడాది గడిస్తే చాలు" అనటం మన నోటికి తేలికగా వస్తుంది. ప్రేమతోనే అంటాము. కాని మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను ఈ వైపునుండి కూడా ఆలోచించండి. మొక్కగా ఉన్నప్పుడు ఏ వైపు వంచితే మాను ఆ వైపే పెరుగుతుంది. నేడు చిత్తు పుస్తకంలో రాసిన మొదటి అంకె, రేపు ఇంజనీరై ఎం.బుక్కులో రాయబోయే వేల అంకెలకు ఒరవడి. నేర్పే పెద్దలది ఇంకా పెద్ద బాధ్యత. తాము అలవాటుపడిన తప్పును ఒక కుర్రవాని చేత మొదటిసారి చేయించటం, ఆ తప్పును తామే చేయటం కంటే బరువైనది.

పని గౌరవం గురించి కూడా ఒక మాట. డిప్లొమా చదివి తారు పొగలో కూలీల మధ్య నిలబడటం నామోషీ అనుకునేవారున్నారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో మానవ శ్రమ గురించి వెలువరించిన విశ్వలేఖలో, పని విలువ ముందుగా ఆ పని చేసే మనిషిని బట్టి ఉంటుందని బోధించారు. తట్ట మోసే కూలితల్లికి తారు చల్లారిపోతున్నదని పారకు తగిలే బరువును బట్టే తెలుస్తుంది. ఆమెను అడిగి నేర్చుకునే వినయం ఉన్న అబ్బాయికి పుస్తకంలో లేని చదువు దొరుకుతుంది.

చివరగా, రోడ్డు మీద నడిచే మనమందరం మన చేతులు కూడా చూసుకోవాలి. దమ్ము చక్రాలతో ట్రాక్టరును తారు రోడ్డు మీదకు ఎక్కించేది ఎవరు? ఇంటి మురుగును రోడ్డు మీదకు వదిలేది ఎవరు? పైపు కోసం రోడ్డు కోసి మట్టి కప్పి వదిలేసేది ఎవరు? పండుగ పందిరికి గుంజలు పాతి, పండుగ అయిన తర్వాత ఆ గుంతలు పూడ్చకుండా పోయేది ఎవరు? ఈ లెక్క ఆఫీసుల గుమ్మం దగ్గర ఆగదు. మన వాకిలిదాకా వస్తుంది.

మీ ఇంటి బిడ్డ ఇలాంటి పనిలో చేరి ఉంటే, సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు అన్నం పెడుతూ ఒక్క ప్రశ్న అడగండి: "ఇవాళ ఏమి కొలిచావు నాయనా?" చెప్పేది శ్రద్ధగా వినండి. తాను కొలిచినదే రాశానని చెప్పే ధైర్యం అతనికి ఆ ఇంటినుండే రావాలి.