బండలు తొలిచినవారి గాథ ఆ ద్వారం మీదే ఉంది

సెలవులొస్తే మన కుటుంబాలు ఢిల్లీ, ఆగ్రా వెళ్ళివస్తుంటాయి. వెళ్ళడంలో తప్పు లేదు. భూమిలో సంచరించి, పూర్వపు జాతుల పర్యవసానం ఏమయిందో చూడమని దివ్యఖుర్ఆన్ పదే పదే చెబుతోంది. అయితే మనం చూసి వస్తున్నదేమిటి? తాజ్‌మహల్ ముందు నిలబడి, "ఇది మనవాళ్ళు కట్టింది" అని పిల్లలకు చెప్పి, నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తున్నాం.

సోదర సోదరీమణులారా! ఈసారి వెళ్తే ప్రధాన ద్వారం దగ్గర కాసేపు ఆగి తలెత్తి చూడండి. లోపలికి వెళ్ళేటప్పుడు మనకెదురయ్యే దక్షిణ ముఖం మీద, చలువరాతిలో నల్లరాయి పొదిగి, సూరా ఫజ్ర్ మొత్తం రాశారు. స్తంభాలు నిలిపిన ఆద్ జాతి, లోయలో బండలు తొలిచిన సమూద్ జాతి, ఫిరౌన్ ఏమైపోయారో ఆ సూరా గుర్తుచేస్తుంది. అనాథను ఆదరించనివారిని, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివారిని, వారసత్వపు సొమ్మంతా మింగేసేవారిని నిలదీస్తుంది. బండలు తొలిచినవారి ముగింపు చెప్పే సూరా, అంతటి రాతికట్టడపు నుదుటి మీదే ఉంది! దాని కిందుగానే మనం టిక్కెట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోతాం.

ముంతాజ్ మహల్ 1631లో మరణించారు. మరుసటి ఏడు పని మొదలైంది. కట్టించిన షాజహాన్‌ను 1658లో సొంత కుమారుడు ఔరంగజేబే ఆగ్రా కోటలో నిర్బంధించాడు. 1666లో అక్కడే ప్రాణం పోయింది. సమాధులపై కట్టడాలను దైవప్రవక్త (స) వారించారన్న మాటనూ పిల్లల దగ్గర దాచనక్కర్లేదు. అదే చక్రవర్తి కుమార్తె జహానారా (మ. 1681) సమాధి ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఉంది. దానికి పైకప్పు లేదు. పైన మట్టి, గడ్డి.

ఇక పనిచేసిన చేతుల సంగతి. ఆ అక్షరాలు రాసిన అమానత్ ఖాన్ తన పేరు అక్కడ చెక్కించుకోగలిగాడు. రాళ్ళు కొట్టినవారివి రాళ్ళ మీద గుర్తులే మిగిలాయి. పని ముగిశాక వాళ్ళ చేతులు నరికించారనే కథకు చారిత్రక ఆధారం లేదు. గైడ్లు చెప్పినా పిల్లలకు చెప్పకండి.

ఆ పనితనం నేటికీ ఆగ్రాలో, తాజ్ పక్కనే ఉన్న తాజ్‌గంజ్‌లో బతికే ఉంది. చలువరాతి మీద పువ్వు గీసి, ఉలితో సన్నగా తవ్వి, అకీఖ్, లాజవర్ద్ వంటి రంగురాళ్ళను చక్రం మీద సానబట్టి, గోరంత ముక్కల్ని ఆ గుంటల్లో అతికిస్తారు. ఒక్కొక్క పువ్వులో ఎన్నో ముక్కలు. అకీఖ్ పొడి రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.

కానీ మనం దుకాణంలో ఏం చేస్తున్నాం? చలువరాతి పళ్ళెం చేతిలో పట్టుకుని, చెప్పిన ధరలో పావు వంతుకు బేరమాడుతున్నాం. దుకాణదారుడు తగ్గించే ఆ రూపాయల భారం చెక్కినవాడి కూలి మీద కూడా పడవచ్చు. కూలివానితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ అన్నట్లు దైవప్రవక్త (స) తెలిపారు. ద్వారం మీది సూరా హెచ్చరించే దినం కూడా అదే. కుదిరితే చెక్కేవారి దగ్గరే కొనండి. ధర మోయలేకపోతే సలాం చెప్పి లేచి రావచ్చు.

శుక్రవారం తాజ్ సందర్శకులకు మూసి ఉంటుంది. ఆ రోజు ఆగ్రాలో ఉంటే జుమా నమాజు చేసుకుని తాజ్‌గంజ్ గల్లీల వైపు వెళ్ళండి. సానచక్రం తిరగడం పిల్లలకు చూపించవచ్చు.