పుట త్రిప్పకుము

నీవు వేటపాలెములో మగ్గము నేయువాడవనుకొనుము. షావుకారు తూచి యిచ్చిన నూలులో కొంత మిగుల్చుకొందునా అని మనస్సు ఊగుచుండగా, కన్నులు మూసి బైబిలు తెరచి, వ్రేలు పడిన వచనము చూతువు. అది నచ్చనియెడల మరియొక పుట త్రిప్పుదువు. నేనును త్రిప్పినవాడనే.

1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. మాదిగలను సంఘములో చేర్చుకొనవద్దని పై కులములవారు పట్టుపట్టిరి. దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయమే కనబడెను. లోకము త్రోసివేసినవారిని దేవుడు కోరుకొనిన సంగతి అందున్నది.

ఆ వింతనే మనము చెప్పుకొందుము. నాకు గొప్పగా తోచునది వేరు. పై కులములవారు దూరమైనను వారు రెండవ పుట త్రిప్పలేదు.

నీ నూలు సంగతికి వ్రేలితో పనియేమి? తూకమును గూర్చి సామెతలు 11వ అధ్యాయము మొదటనే చెప్పియున్నది. నీవు వెదకుచున్నది వచనమునా, సెలవునా?